పోలీసులు మా యాప్ యూజర్ల డేటా, సర్వర్ లాగిన్ అడుగుతున్నారు. పెద్ద కంపెనీలే ఇచ్చేస్తుంటే మేం కాదనగలమా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆరుగురం కలిసి చిన్న యాప్ నడుపుతున్నాం. గుంటూరు మిర్చి యార్డు రేట్లు, రైతులూ కమీషన్ వ్యాపారులూ మాట్లాడుకునే చాట్ అందులో ఉంటాయి. సుమారు 18,000 మంది వాడుతున్నారు. మొన్న ఒక పోలీస్ స్టేషన్ పేరుతో వాట్సాప్‌లో లేఖ వచ్చింది. ఒక వ్యాపారి నంబరు ఇచ్చి, మూడు నెలల మెసేజ్‌లు, అతనితో మాట్లాడిన అందరి వివరాలు, కుదిరితే సర్వర్ లాగిన్ కూడా శనివారం లోపల పంపమన్నారు. మా పార్ట్‌నర్ 'గూగుల్, ఫేస్‌బుక్కే అన్నీ ఇచ్చేస్తాయి, మనమెంత' అంటున్నాడు. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు. ఏం చేయాలి సార్?"

ముందు అర్జెంటుగా కావలసిన మాటలు చెప్పేస్తాను. లేఖను పక్కన పడేయకండి, గడువులోపల రాతపూర్వకంగా జవాబివ్వండి. లేఖ చేతికొచ్చాక సర్వర్‌లో ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయకండి, సాక్ష్యం మాయం చేశారన్న నేరం మీ మీదకు వస్తుంది. సర్వర్ లాగిన్ మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త ఎక్కువే రాయాలి, ఓపిగ్గా చదవండి.

నేను 11 ఏళ్లు ఒక ప్రైవేటు టెలికాం కంపెనీ సర్కిల్ ఆఫీసులో, హైదరాబాద్‌లో, నోడల్ డెస్క్‌లో పనిచేశాను. పోలీసుల నుంచీ కేంద్ర ఏజెన్సీల నుంచీ వచ్చే లేఖలన్నీ మా బల్ల మీదకే వచ్చేవి. ఎవరి కాల్ వివరాలు ఇవ్వాలి, ఎవరి ఫోన్ వినడానికి లైన్ కలపాలి అన్నది ఆ లేఖల్లో ఉండేది. ఉద్యోగం వదిలాక గుంటూరు బ్రాడీపేటలో స్థిరపడి, మీలాంటి చిన్న కంపెనీలకు ఈ విషయంలో చేతనైన సాయం చేస్తున్నాను. నేను లాయరును కాదు, ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

మీ పార్ట్‌నర్ మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్నే ముందు చూద్దాం.

2013 జూన్ 6న గార్డియన్, వాషింగ్టన్ పోస్ట్ పత్రికలు ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ఆధారంగా ప్రిజం అనే కార్యక్రమం గురించి రాశాయి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ తన సొంత సిబ్బంది కోసం తయారుచేసుకున్న 41 స్లైడ్లు అవి. ఒక స్లైడ్‌లో తొమ్మిది కంపెనీల పేర్లు, ఒక్కొక్కటీ ఎప్పుడు చేరిందో తేదీలతో సహా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2007లో, యాహూ 2008లో, గూగుల్, ఫేస్‌బుక్, పాల్‌టాక్ 2009లో, యూట్యూబ్ 2010లో, స్కైప్, ఏఓఎల్ 2011లో, యాపిల్ 2012లో. ఆ వార్త వచ్చిన రోజు మా డెస్క్‌లో పని ఆగిపోయింది. నా పక్క సీటులో ఉండే ఆయన ఆ స్లైడ్‌ను చాలాసేపు చూసి, "అక్కడా మనలాంటి బల్ల ఒకటి ఉండే ఉంటుంది, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడు ఏం చేశాడో ఎవరూ రాయడం లేదు" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఈ వార్తలు వచ్చినప్పుడల్లా ఆ బల్ల దగ్గరి మనిషి గురించే వెతుక్కుంటూ చదివాను.

కంపెనీలన్నీ ఒకే రకంగా జవాబిచ్చాయి: మా సర్వర్లలోకి నేరుగా దారి ఇవ్వలేదు, చట్టప్రకారం ఆదేశం వస్తేనే ఇచ్చాం అని. ఆ చట్టం అమెరికా విదేశీ నిఘా చట్టానికి 2008లో చేసిన సవరణ, దానిలోని 702వ సెక్షన్. అమెరికా బయట ఉన్న విదేశీయుల మీద నిఘాకు మనిషి మనిషికీ వేరుగా వారెంటు అక్కర్లేదని ఆ సెక్షన్ చెబుతుంది. రహస్య కోర్టు ఏడాదికోసారి పద్ధతిని ఆమోదిస్తే చాలు. ఆ లెక్కలో గుంటూరులో కూర్చుని జీమెయిల్ వాడే నేనూ, బెంజ్ సర్కిల్‌లో ఉన్న మీరూ విదేశీయులమే. ఎన్‌ఎస్‌ఏ తన సేకరణను దేశాలవారీగా లెక్కేసుకున్న పటం ఒకటి అప్పుడే బయటికొచ్చింది. 2013 మార్చి ఒక్క నెలలో మన దేశానికి సంబంధించి 630 కోట్ల సమాచార ముక్కలు తీసుకున్నారని, మనది ఐదో స్థానమని అందులో ఉంది.

ఇక మిగతా సగం. యాహూ చేసినదేమిటో మీ పార్ట్‌నర్‌కు చెప్పండి. 2007లో ఆదేశం రాగానే యాహూ తలూపలేదు, రహస్య కోర్టులో పోట్లాడింది. ఇవ్వకపోతే రోజుకు 2.5 లక్షల డాలర్ల జరిమానా, అది వారం వారం రెట్టింపవుతుందని అమెరికా ప్రభుత్వం బెదిరించింది. 2008లో యాహూ ఓడిపోయింది, డేటా ఇచ్చింది. ఇందులో నన్ను బాధపెట్టేది ఓడిపోవడం కాదు. తాను పోరాడానని చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా ఆ కంపెనీ నోరు కట్టేశారు. 2013లో స్లైడ్ మీద యాహూ పేరు చూసి లోకమంతా తిట్టుకుంటున్నప్పుడు ఆ కేసు కాగితాలు సీలు వేసే ఉన్నాయి. 2014 సెప్టెంబరులో గానీ అవి బయటికి రాలేదు. కాబట్టి "అన్నీ ఇచ్చేస్తాయి" అనే ముందు, ఇచ్చినవాళ్లలో కొట్లాడి ఇచ్చినవాళ్లూ ఉన్నారని తెలుసుకోవాలి.

కాగితం అడగకుండా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏటీ అండ్ టీ కంపెనీ భవనంలో 641ఏ అనే గది ఉండేది. మార్క్ క్లెయిన్ అనే టెక్నీషియన్ అక్కడ పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ ఆప్టికల్ ఫైబర్ మీద స్ప్లిటర్ పెట్టి, వెళ్లే ట్రాఫిక్ మొత్తానికి ఒక నకలు ఆ గదిలోకి మళ్లించారని 2006లో పత్రాలతో సహా బయటపెట్టాడు. స్ప్లిటర్ అంటే మన కేబుల్ టీవీ ఆపరేటర్ ఒక వైరును రెండు ఇళ్లకు పంచడానికి పెట్టే ముక్కలాంటిదే, కాకపోతే కాంతిని పంచుతుంది. అది పెట్టాక ఎవరి మెయిల్, ఏ కేసు, ఏ తేదీ అని అడిగే మనిషి ఇక ఉండడు. అందరిదీ వెళ్లిపోతుంది. కంపెనీల మీద జనం కేసులు వేస్తే, 2008లో అమెరికా కాంగ్రెస్ ఆ కంపెనీలకు వెనకటి తేదీ నుంచి రక్షణ ఇచ్చేసింది.

మూడో రకం కూడా ఉంది, అది అసలు సహకారమే కాదు. ముందు గుమ్మం నుంచి ఆదేశాలిచ్చి డేటా తీసుకుంటూనే, ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ సంస్థ జీసీహెచ్‌క్యూ కలిసి గూగుల్, యాహూ డేటా సెంటర్ల మధ్య వెళ్లే లైన్ల మీద దొంగచాటుగా విన్నాయని 2013 అక్టోబరులో తేలింది. గూగుల్ లోపలి లైన్లలో ఎన్‌క్రిప్షన్ ఎక్కడ ఆగిపోతుందో చూపిస్తూ ఎవరో చేత్తో గీసిన బొమ్మ, పక్కన నవ్వు ముఖం ఉన్న స్లైడ్ అది. ఆ రోజుల్లోనే పెద్ద కంపెనీలు తమ లోపలి లైన్లకు కూడా పకడ్బందీగా తాళాలు వేసుకున్నాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మీకు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది.

మన దేశంలో ఫోన్ వినడానికి 1885 టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ ఆధారంగా ఉండేది, ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 1996 డిసెంబరులో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఇష్టం వచ్చినట్టు వినడానికి వీల్లేదు, హోం కార్యదర్శి స్థాయిలో ఉత్తర్వు ఉండాలని చెప్పింది. దాని ఫలితమే 419ఏ నిబంధన, నేను డెస్క్‌లో ఉన్నప్పుడు అమల్లో ఉన్నది అదే. దాని ప్రకారం ఉత్తర్వు 60 రోజులు చెల్లేది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. లేఖ అందిన రెండు గంటల్లో మేం అందినట్టు జవాబు రాయాలి. 15 రోజులకోసారి, ఈ పక్షంలో మాకు ఈ ఈ ఉత్తర్వులొచ్చాయి, ఇవి మీరు పంపినవేనా అని జాబితా తిరిగి ఏజెన్సీకే పంపి ధ్రువీకరించుకోవాలి. ఆ పక్షం రోజుల జాబితా తయారుచేయడం నా పని. విసుగు పుట్టించే పని అది. కానీ ఆ నిబంధన ఊరికే పెట్టలేదు.

2005 అక్టోబరులో ఢిల్లీలో రాజకీయ నాయకుడు అమర్ సింగ్ ఫోన్ వినమని రిలయన్స్ ఇన్ఫోకామ్‌కు పోలీసు అధికారి పేరుతో ఒక లేఖ వెళ్లింది. కంపెనీ లైన్ కలిపేసింది. తర్వాత ఆ లేఖే ఫోర్జరీ అని తేలింది. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ కేసులో కంపెనీ తీరును తప్పుపట్టింది. లేఖ నిండా అక్షరదోషాలున్నాయి, చదివిన ఎవరికైనా అనుమానం రావాలి, ఇది నిజమైనదేనా అని కనుక్కోవలసిన బాధ్యత మీకు లేదా అని అడిగింది. మా డెస్క్‌లో ఆ తీర్పు ప్రింటు తీసి గోడకు అంటించుకున్నాం. పై నుంచి లేఖ వచ్చింది కాబట్టి చేసేశాం అంటే చెల్లదని, చదవడం కంపెనీ బాధ్యత అని దేశంలో అత్యున్నత న్యాయస్థానమే చెప్పింది. మీ పార్ట్‌నర్‌కు చూపించాల్సిన తీర్పు అదే.

చదవడం వల్ల ఏం ఒరుగుతుందో నేను కళ్లారా చూసిన ఒకటి చెబుతాను. ఒక జిల్లా నుంచి లేఖ వచ్చింది. అంతా సక్రమంగా ఉంది: సంతకం, సీలు, డిస్పాచ్ నంబరు. పైన లేఖలో నంబరు చివర 47, కింద జతచేసిన కాగితంలో అదే నంబరు చివర 74. రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. మా కొత్త కుర్రాడు పై నంబరు ఎక్కించబోతుంటే ఆపి, జిల్లా ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేశాం. వాళ్లకు కావలసింది 74. చివర 47 ఉన్న నంబరు చిలకలూరిపేటలో బట్టలు కుట్టుకునే ఒకావిడది. ఆ కేసుతో ఆవిడకు ఏ సంబంధమూ లేదు. మేం ఫోన్ చేయకపోతే రెండు నెలల పాటు ఆవిడ తన అక్కచెల్లెళ్లతో మాట్లాడుకునే మాటలన్నీ ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్లు. ఆవిడకు ఎప్పటికీ తెలిసేది కాదు.

చదవకపోవడం వల్ల ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక రాత్రి తొమ్మిదింటికి బాగా పరిచయమున్న ఒక అధికారి ఫోన్ చేశారు. ఒక అమ్మాయి కనపడటం లేదు, తల్లి ఏడుస్తోంది, లేఖ పొద్దున్నే పంపిస్తాను, టవర్ లొకేషన్ ఒక్కటి చెప్పండి అన్నారు. చెప్పాను. పొద్దున లేఖ రాలేదు. మూడో రోజు నేనే ఫోన్ చేస్తే, "కేసేం పెట్టలేదులెండి, మా బంధువుల అమ్మాయే, హాస్టల్లో దొరికింది, తీసుకొచ్చేశారు" అన్నారు. ఆ అమ్మాయికి 22 ఏళ్లు. తన ఇష్టంతో ఇల్లు వదిలి వెళ్లిన మనిషి. ఎందుకు వెళ్లిందో, తీసుకొచ్చాక ఆమె గతి ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎక్కడుందో వాళ్లకు చెప్పింది మాత్రం నేను. ఆ తర్వాత ఎంత పెద్ద అధికారి అడిగినా, ఎంత పరిచయమున్నా, కాగితం చూడకుండా నేను నోరు విప్పలేదు.

ఇలాంటివి నా ఒక్కడి దగ్గరే జరగలేదు. 2013లో బీజేపీ నాయకుడు అరుణ్ జైట్లీ కాల్ రికార్డులు బయటికి పొక్కిన కేసులో, ఢిల్లీలో ఒక కానిస్టేబుల్ తన పై అధికారి అయిన ఏసీపీ అధికారిక మెయిల్ ఐడీ నుంచి ఆ రికార్డులు అడిగినట్టు తేలింది. మెయిల్ ఐడీ అసలుదే, అడిగిన మనిషే వేరు. దాని తర్వాతే కాల్ రికార్డులు ఎస్పీ, డీసీపీ స్థాయి అధికారి ద్వారానే అడగాలని కట్టుదిట్టం చేశారు. పెద్ద కంపెనీలూ ఇలాగే మోసపోయాయి. ప్రాణాపాయం ఉంది, అర్జెంటు అంటూ పోలీసుల పేరుతో వచ్చిన నకిలీ విన్నపాలను నమ్మి యాపిల్, మెటా 2021లో హ్యాకర్లకు యూజర్ల వివరాలు ఇచ్చేశాయని 2022లో వార్తలొచ్చాయి.

2015లో మన విజయవాడ కోర్టులోనే ఏం జరిగిందో గుర్తుందా? ఓటుకు నోటు వ్యవహారం బయటపడ్డాక తమ నాయకుల ఫోన్లు ట్యాప్ చేశారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోపించింది, తెలంగాణ ప్రభుత్వం కాదన్నది. రాజకీయాల్లో ఎవరిది నిజమన్న దాని జోలికి నేను పోను. విజయవాడ కోర్టు టెలికాం కంపెనీలను వివరాలు ఇవ్వమంది. వాటిని బయటపెట్టవద్దని రెండో రాష్ట్రం వైపు నుంచి కంపెనీలకు ఆదేశం ఉంది. కంపెనీలు అడకత్తెరలో పోకచెక్కలయ్యాయి. సంగతి హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు కూడా పోయి చివరికి వివరాలు సీల్డు కవరులో కోర్టుకు చేరాయి. ఇందులో నేను గమనించింది ఒకటే. కంపెనీ దగ్గర ఒక రిజిస్టరు ఉంది కాబట్టే కోర్టు దాన్ని అడగగలిగింది. ఎవరు, ఏ తేదీన, ఏ ఉత్తర్వు మీద అడిగారో రాసిపెట్టిన బయటి మనిషి ఒకడు ఉన్నాడు.

ఆ మనిషి పాత్ర ఇప్పుడు తగ్గిపోతోంది. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన సెంట్రలైజ్డ్ మానిటరింగ్ సిస్టం, సీఎంఎస్ అంటారు, దాని ఉద్దేశమే టెలికాం కంపెనీ సిబ్బంది చేయి పడకుండా ఏజెన్సీలు తామే నంబరు ఎక్కించుకోవడం. ఉత్తర్వు అవసరం లేదని కాదు, ఉత్తర్వు ఉండాలి. గోప్యతకు ఇదే మంచిదని ప్రభుత్వం అంటుంది, కంపెనీ ఉద్యోగుల నుంచి విషయాలు పొక్కిన సందర్భాలు లేకపోలేదు, ఆ వాదనను నేను తీసిపారేయను. కానీ 47ను 74ను పోల్చి చూసే కుర్చీ అందులో లేదు. దీన్నీ, నేత్ర, నాట్‌గ్రిడ్ అనే మరో రెండు ప్రభుత్వ నిఘా వ్యవస్థలనూ ప్రశ్నిస్తూ ఢిల్లీ హైకోర్టులో 2020లో పిటిషన్ పడింది. ఉత్తర్వులను తర్వాత సమీక్షించే కమిటీ ఉందిగా అంటారు. కేంద్ర హోంశాఖ నెలకు సగటున 7,500 నుంచి 9,000 ఫోన్ ఉత్తర్వులు ఇచ్చేదని గతంలో ఒక ఆర్టీఐ జవాబులో తేలింది. రెండు నెలలకోసారి కూర్చునే ఆ కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాల్సి వస్తోందని, అది సాధ్యమయ్యే పని కాదని డేటా రక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. ఒక్కో ఉత్తర్వుకు ఒక్క నిమిషం ఇచ్చినా పది, పన్నెండు రోజులు రాత్రింబవళ్లు చదవాలి.

అందుకే మీ చిన్న ఆఫీసు నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. మీ దగ్గర ఇంకా ఆ కుర్చీ ఉంది. అందులో ఇప్పుడు మీరు కూర్చున్నారు.

ఇక మీ లేఖ. ముందు అది అసలుదో కాదో తేల్చుకోండి. వాట్సాప్‌లో వచ్చిందన్నారు. లేఖలో ఉన్న ఫోన్ నంబరుకు చేసి కనుక్కుంటే లాభం లేదు, మోసగాడైతే ఆ నంబరు కూడా వాడిదే. స్టేషన్‌కు మీరే వెళ్లండి. విజయవాడలోనే ఉన్నారు, అరగంట పని. ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, సంతకం చేసిన అధికారి పేరు, హోదా, డిస్పాచ్ నంబరు చూసుకోండి. అధికారిక మెయిల్ నుంచి మళ్లీ పంపమని మర్యాదగా అడగండి. అసలు అధికారైతే దీనికి నొచ్చుకోరు, నా అనుభవంలో ఎవరూ నొచ్చుకోలేదు.

అసలుదే అని తేలితే ఏ చట్టం కింద అడుగుతున్నారో చూడండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద, అంటే పాత సీఆర్‌పీసీ 91, స్టేషన్ హౌస్ ఆఫీసర్ గానీ కోర్టు గానీ దర్యాప్తుకు కావలసిన పత్రం హాజరుపరచమని రాతపూర్వకంగా ఆదేశించవచ్చు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అధికారం ఉన్న ఏజెన్సీ రాతపూర్వకంగా, ఎందుకు కావాలో స్పష్టంగా చెప్పి అడిగితే 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. కాబట్టి సహకరించను అనే హక్కు మీకు లేదు. ఎందుకో రాయండి అని అడిగే హక్కు ఉంది. ఇక ముందు వచ్చే మెసేజ్‌లను వెళ్తుండగానే చూడాలంటే అది ఐటీ చట్టం 69వ సెక్షన్, దానికి హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి, అంటే మనకు వెలగపూడి సచివాలయం నుంచి రావాలి. అలాంటి ఉత్తర్వు నిజంగా వస్తే కాదంటే ఏడేళ్ల దాకా జైలు, తేలిగ్గా తీసుకోవద్దు. మీ లేఖ అలాంటిది కాదు.

ఆ వ్యాపారి రిజిస్ట్రేషన్ వివరాలు, లాగిన్ అయిన తేదీలు, ఐపీ అడ్రసులు కేసుకు సంబంధించిన రోజులకు తీసి ఇవ్వండి. అతను రైతుల సరుకు అమ్ముకుని డబ్బు ఎగ్గొట్టిన మనిషే అయ్యుండవచ్చు. గుంటూరులో ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టి చేతులెత్తేసిన వ్యాపారుల వెనక ఎన్ని కొంపలు మునిగాయో చూసినవాడిని, పోలీసులకు ఆ వివరాలు అవసరమే. మెసేజ్‌ల దగ్గర మాత్రం ఆగండి. 94వ సెక్షన్ మాటలు విశాలంగా ఉంటాయి, ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ అని కూడా రాసి ఉంది. అయినా మెసేజ్‌లు ఇవ్వాల్సి వస్తే కోర్టు ఆదేశంతో రమ్మని అడగమని నేను చెబుతాను. లాయరు చేత రాయించండి. "అతనితో మాట్లాడిన అందరూ" అన్నది చాలా పెద్ద మాట. మీ చాట్‌లో ఏముంటుందో మీకు తెలుసు: ఎవరి తేజ రకం మిర్చి ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు (బస్తాలు) ఉందో, ఎవరు ఎంత అప్పులో ఉన్నారో, ఎవరింట్లో అమ్మాయి పెళ్లికి డబ్బు ఎప్పటికి కావాలో. ఆ రైతులు నిందితులు కాదు, చాలామంది బాధితులే అయ్యుంటారు. కేసులో ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు, తేదీలు ఇస్తే అంతవరకే వెతికి ఇస్తామని రాయండి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, రాజ్యం అవసరమైనంత మేరకే చేయి పెట్టాలన్నారు. మీ జవాబులో ఆ తీర్పును ఒక్క వాక్యంలో ప్రస్తావించండి, చాలు.

లాగిన్ సంగతి. పత్రం హాజరుపరచడం వేరు, బీరువా తాళం ఇవ్వడం వేరు. లాగిన్ ఇచ్చిన క్షణం నుంచి 18,000 మంది మెసేజ్‌లు తెరిచి పెట్టినట్టే, ఎవరు ఏం చూశారో మీకు తెలియదు, శాన్‌ఫ్రాన్సిస్కో గదిలో జరిగింది ఇంతే. ఇన్‌స్పెక్టర్ గారికి ఇది చెప్పేటప్పుడు హక్కుల ఉపన్యాసం ఇవ్వకండి, ఆయన కేసు గురించి చెప్పండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య, రాయాలి. మీరు ఫైలు తీసి, హ్యాష్ లెక్కించి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి ఇస్తే కోర్టులో నిలబడుతుంది. బయటివాళ్లు సర్వర్‌లోకి వచ్చి వెళ్లారని తెలిస్తే, ఆ మెసేజ్ ఎవరు టైపు చేశారో అని డిఫెన్స్ లాయరు అడిగే మొదటి ప్రశ్నకే కేసు బీటలు వారుతుంది. ఈ మాట చెప్పాక లాగిన్ కోసం పట్టుబట్టిన అధికారిని నేను చూడలేదు.

ఆ వ్యాపారికి ఈ విషయం చెప్పాలా అని మీకు అనిపించవచ్చు. లాయరును అడక్కుండా చెప్పకండి, దర్యాప్తు చెడగొట్టారన్న మాట పడుతుంది.

ఈ గొడవ తీరాక ఒక పని చేయండి. మూడు నెలల మెసేజ్‌లు మీ సర్వర్‌లో చదవగలిగే స్థితిలో ఎందుకున్నాయో ఆరుగురూ కూర్చుని మాట్లాడుకోండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, అది తప్పదు. మెసేజ్‌లు ఉంచమని అందులో లేదు. యాపిల్ 2016లో ఎఫ్‌బీఐకి ఎదురు నిలవగలిగిందంటే, ఆ ఫోన్ తెరిచే సాధనం తన దగ్గర తయారుగా లేకపోవడం వల్లే. కొత్తగా తయారుచేసి ఇవ్వమని ఎఫ్‌బీఐ అడిగింది, యాపిల్ చేయనంది, వేరే దారి దొరికిందని ఎఫ్‌బీఐ కేసు వదులుకుంది. మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలన్న నిబంధన మీద వాట్సాప్ 2021 నుంచి ఢిల్లీ హైకోర్టులో పోరాడుతోంది, ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమంటే ఈ దేశం నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో అక్కడే చెప్పింది. ఆ నిబంధన 50 లక్షల యూజర్లు దాటిన కంపెనీలకే, మీకు వర్తించదు. బేరం కుదిరాక మెసేజ్ ఎన్ని రోజులు అవసరమో లెక్కేసి, ఆ తర్వాత దానంతట అదే పోయేలా పెట్టుకోవచ్చు. ఈ కేసుకు సంబంధించినవి మాత్రం విడిగా తీసి భద్రంగా ఉంచాకే ఆ మార్పు చేయండి.

ఒక రిజిస్టరు కొనండి, గట్టి అట్ట ఉన్న మామూలు పుస్తకమే. లేఖ వచ్చిన తేదీ, టైము, ఎవరి నుంచి, ఏ సెక్షన్, ఏం అడిగారు, ఏం ఇచ్చాం, ఎవరు సంతకం చేశారు. మొదటి వరసలో ఈ లేఖే రాయండి.

శనివారానికి ఇంకా మూడు రోజులుంది. రేపు పొద్దున స్టేషన్‌కు వెళ్లేటప్పుడు పార్ట్‌నర్‌ను కూడా తీసుకెళ్లండి, ఒక్కరే వెళ్లకండి. జవాబు డ్రాఫ్ట్ రాశాక పేర్లూ నంబర్లూ కొట్టేసి నాకు చూపించండి. సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను, లాయరు దగ్గరికి వెళ్లేలోపు ఒకసారి చదివి పెడతాను.